నిప్పు తొక్కిన పాదం

చీటీ తీసేటప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఎల్లమ్మను తలుచుకుంది. తనకు చదవడం రాదు కనుక మడత విప్పకుండానే నా చేతిలో పెట్టింది. 'అన్నం' అని ఉంది. చదివి చెప్పగానే రెండు చేతులూ పైకెత్తి ఉన్నచోటనే ఒక చుట్టు తిరిగింది.

"బువ్వ వచ్చిందక్కా! ఎల్లమ్మ తల్లి ఇన్నాళ్లకు నా దిక్కు చూసింది. పుట్టినకాడికెళ్లి జొన్నగటకే తింటి. పండుగకో పెండ్లికో ఇంత బువ్వ. గిప్పుడు దినాం బువ్వనేనంట!"

జొన్నరొట్టె చీటీ వచ్చిన ఇంకొకామె, "మార్సుకుందామానే?" అని అడిగింది.

"నీ మొగుణ్ణి కలిపి ఇచ్చినా మార్సుకోను పో."

"ఆణ్ణి ఉత్తగనే తీస్కపో, చీటీ వద్దు."

గదిలో అందరూ నవ్వారు. చీటీల గిన్నె పట్టుకుని నిలబడ్డ ప్రొఫెసర్ గారు కూడా నవ్వారు. మేమంతా ఆయన్ని సారు అనేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం ఊరంతా కమ్ముకున్న రోజులవి. కొండాపూర్‌లో అద్దాల మేడల వెనక సందులో ఒక పాత ఇల్లు కిరాయికి తీసుకుని, రెండు విశ్వవిద్యాలయాలు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయి. ఒకటి మా నగరంలోది, సారుది. రెండోది కోస్తాలో సముద్రం ఒడ్డున ఉన్నది. ఖర్చు ఢిల్లీ సర్కారుది. షుగర్ జబ్బు ఉన్న కూలి ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట జొన్న, కొర్ర పెడితే ఎలా ఉంటుంది, తెల్లన్నం పెడితే ఎలా ఉంటుంది అని చూడటం వాళ్ల పని. ఇక్కడ సగం మందికి అది, సగం మందికి ఇది. అక్కడా అంతే. ఎవరికి ఏది అన్నది మనిషి తేల్చకూడదట. మనిషి తేలిస్తే పక్షపాతం వస్తుందని, చీటీయే తేల్చాలని సారు చెప్పారు. దేవుడి ముందు చీటీలు వేసి అడగడం మా ఇంట్లో ఉన్న పద్ధతే కాబట్టి ఆ మాట నాకు బాగా నచ్చింది.

నా పని వంట. మాది కడప వైపు. చిన్నప్పుడు అమ్మ మంచం పట్టింది. ఇంట్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. బడి మాన్పించి నాన్నే నాకు చదువు చెప్పారు, పొయ్యి ముందు కూర్చోబెట్టి, బొగ్గుతో నేల మీద అక్షరాలు దిద్దించి. ఎసరు కాగేలోపు ఒక పద్యం, అన్నం వార్చేలోపు ఒక లెక్క. ఒకరి చేతి అన్నం తిన్నాక వాళ్లను చెడుగా తలవకూడదని ఆయన రోజూ చెప్పేవారు. పెళ్లయి చందానగర్ వచ్చాక అక్కడి గుళ్లో ప్రసాదాలు వండుతుంటే సారు భార్య చూసి, ఆయనకు చెప్పింది. ఒక్క సర్టిఫికెట్టు లేని నన్ను ఒక విశ్వవిద్యాలయం పనిలో పెట్టుకుంది. ఆ ఇద్దరి పేర్లు ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను. ఇందులో చెప్పబోయేదంతా తెలిసి కూడా తలుచుకుంటాను.

చీటీలో అన్నం వచ్చినామె పాలమూరు వైపు మనిషి. పక్కనే ఉన్న ఒక పెద్ద బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ పని, అంటే అంతస్తుకో ఆడమనిషి చొప్పున నేల తుడవడం, బాత్రూములు కడగడం. ఆంధ్రా వాళ్ల మీద ఎవరైనా ఒక మాట అంటే మొదట నవ్వేది తనే, వెంటనే నన్ను చూసి నాలుక కరుచుకునేదీ తనే.

"నువ్వు ఆంధ్రామెవు గాదక్కా. నువ్వు కడప. గది వేరే."

"ఎట్ల వేరే చెల్లీ?"

"ఏమో. నీ పప్పుల కారం జూస్తే వేరేనే అనిపిస్తది."

అక్కడ తిన్నవాళ్లందరికీ షుగర్ గోలీలు ఊరికే ఇచ్చేవాళ్లు. ఆ గోలీలే ఆమెకు కావలసినవి. బువ్వ ఆ పైన వచ్చిన వరం. ఒకరోజు పళ్లెం కడుగుతూ నాకు ఆ సంగతి చెప్పింది.

"సర్కారు దవాఖానకు పోతె పొద్దంత లైన్ల నిలబడాలె. ఒక్క పూట రాకపోతె సూపర్‌వైజర్ ఇంకోదాన్ని పెట్టుకుంటడు. గీడ కూసున్నకాడికి గోలీ వస్తది. మా అమ్మ గిదే బీమారితోని కాలు తీపిచ్చుకుని సచ్చింది. నేను గట్ల పోనక్కా. నా రెండు కాళ్ల మీద నేను పోతా."

అందుకని ఆమె భయం ఒకటే. పరిశోధనలోంచి తీసేస్తారేమోనని. షుగర్ ఒక హద్దు దాటినవాళ్లను వాళ్లు ఉంచుకోరు, పెద్ద దవాఖానకు వెళ్లమని చీటీ రాసి పంపేస్తారు. హద్దు దాటిందో లేదో బుధవారం బుధవారం వేలి మీద సూది గుచ్చి చూసేవాళ్లు. అది ఆ పూట సంగతి మాత్రమే చెబుతుంది. ఇంకో పరీక్ష ఉంది. చేతి నరం నుంచి రక్తం తీసి, ఐసు పెట్టెలో పెట్టి, రైల్లో కోస్తాకు పంపాలి. అది గత మూడు నెలలుగా ఒంట్లో ఏం జరిగిందో చెబుతుంది. ఆ యంత్రం కోస్తా విశ్వవిద్యాలయంలో ఉండేది. సారు దగ్గర మనుషులు దొరుకుతారు, వాళ్ల దగ్గర యంత్రం ఉంది. అందుకే కలిశారు.

ఆ యంత్రం ఉన్న మేడమ్ గారు అప్పుడప్పుడు వచ్చి మా వంటగది చూసి వెళ్లేవారు. వచ్చినప్పుడల్లా పూతరేకులు తెచ్చేవారు. "ఇవి మీకూ నాకూనండీ, వాళ్లకి పెట్టకండి, మన ప్రయోగం పాడైపోతుంది" అని నవ్వేవారు.

పాలమూరు ఆమె మంగళవారం మంగళవారం ఒక్కపొద్దు ఉండేది. ఎల్లమ్మ మొక్కు. మధ్యాహ్నం అన్నం తినకుండా డబ్బాలో సర్దుకుని, రాత్రి ఒక్కపొద్దు విడిచేటప్పుడు తింటానని తీసుకెళ్లేది. పూట తప్పకూడదన్నది అక్కడి నియమం. నేను సారును అడిగాను. "దేవుడి విషయంలో మనం అడ్డం రావద్దమ్మా, మనుషుల నమ్మకాలను గౌరవించాలె" అన్నారు. ఎంత మంచి మనిషి అనుకున్నాను. రాత్రి కూడా ఆ డబ్బా ఆమె పిల్లలే తినేవాళ్లని, ఆమె మంచినీళ్లతో పడుకుని బుధవారం వచ్చేదని తరువాత తెలిసింది. జొన్న గదిలో వాళ్లకు ముందే తెలుసు.

"సూది గుచ్చే ముందునాడే యాదికొస్తది దీనికి ఎల్లమ్మ."

"నీకేమే నొప్పి? నీకు ఎల్లమ్మ లేదా, నువ్వు సుత ఉండు."

"నేనుంటే కండ్లు తిరిగి పడ్త. నువ్వంటే ఇనుప ముక్కవు."

బుధవారం ఆమె వేలి రక్తం ఎప్పుడూ మంచిగానే వచ్చేది. సారు అందరి ముందూ ఆమెను మెచ్చుకునేవారు. "చూడండి, గోలీలు సరిగ్గా వేసుకుంటే ఎట్ల ఉంటదో" అని. ఆమె తల వంచుకుని నా వైపు చూసి నవ్వేది. మొదటిసారి నరం నుంచి తీసిన రక్తం కోస్తాకు వెళ్లింది. దాని జవాబు ఎప్పుడొస్తుందో మేమెవరం అడగలేదు.

అప్పుడు సమ్మె వచ్చింది. బస్సులు, రైళ్లు ఆగాయి. ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. పని లేదని కాంట్రాక్టర్లు హౌస్‌కీపింగ్ వాళ్లను కొందరిని ఊళ్లకు పొమ్మన్నారు. మా అన్నం గదిలో పళ్లేలు తగ్గుతూ వచ్చాయి. ఆ రోజుల్లోనే మా చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే రాళ్లు పేర్చి, పొయ్యి వెలిగించి, వండి, అక్కడే అందరూ కూర్చుని తినే నిరసన అది. మంగళవారం. నేను ఇంటికి బయలుదేరుతుంటే పాలమూరు ఆమె నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

"రా అక్కా. వంటంటే నువ్వే లేకపోతే ఎట్ల? నిన్నెవ్వలన్న ఏమన్న అంటే నేను లేనా?"

పొయ్యి దగ్గర ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది. "ఏడామెవు నువ్వు?"

"కడప."

"గట్లనా. అయితే ఉల్లిగడ్డలు కొయ్యి. ఏడ్వనీకె కారణమన్న దొరుకుతది."

అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వి కత్తిపీట ముందు కూర్చున్నాను. అంత జనంలో నాకు ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. గంజి వంపేటప్పుడు కొంగు కాలకుండా పక్కనున్నామె నా కొంగు తన చేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ట్రాక్టర్ మీద మైకు పట్టుకుని సారు మాట్లాడుతున్నారు. ఆయన అంత బాగా మాట్లాడతారని నాకు అప్పటిదాకా తెలియదు. నీళ్ల గురించి, కొలువుల గురించి మాట్లాడి, చదువుల దగ్గరికి వచ్చారు. "మన మనుషుల రక్తం తీసి అక్కడ పరీక్ష చేయించాల్సిన గతి ఎందుకు పట్టింది? మనకు యంత్రం ఎందుకియ్యలే?" అన్నప్పుడు చప్పట్లు మోగాయి.

పాలమూరు ఆమె పొయ్యి ముందు నిలబడి గంటెతో పప్పు కలుపుతోంది. చెప్పులు పక్కన విడిచేసింది, వండేచోట చెప్పులెవరు వేసుకుంటారు? పొయ్యిలోంచి ఒక నిప్పు కణిక దొర్లి బయట పడింది. ఆమె దాని మీద కాలు వేసింది. వేసి, అలాగే నిలబడింది. గంటె తిప్పుతూనే ఉంది. నాకు మొదట వాసన వచ్చింది. పప్పు అడుగంటిందేమో అనుకున్నాను. చూస్తే ఆమె మడమ కింది నుంచి సన్నగా పొగ.

"చెల్లీ! నీ పాదం!"

ఆమె కిందికి చూసి, కాలు తీసి, ఎవరిదో కాలు చూసినట్టు చూసుకుంది. అప్పటికి చుట్టూ ఉన్నవాళ్లందరూ చూశారు.

"అవ్వా! నిప్పు తొక్కినా ఉలకలే పలకలే!"

"పాలమూరు బిడ్డ గదా మరి!"

"ఒక్కపొద్దు ఉన్నదంట. తల్లి వచ్చినట్టుంది ఒంటి మీదికి."

ఆ మాట ఎవరు అన్నారో గానీ, ఆ తరువాత ఎవరూ ఆగలేదు. నన్ను ఉల్లిగడ్డలు కోయమన్న పెద్దామే ముందుగా వంగి ఆమె పాదాలకు మొక్కింది. ఎవరో పసుపు తెచ్చారు. కాలిన చోటే పసుపు అద్ది, కుంకుమ పెట్టారు. ఇంకెవరో నీళ్లు పోశారు. నేనూ మొక్కాను. అమ్మవారు వస్తే మనిషికి నిప్పు తెలియదని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని, జాతరలో గుండం తొక్కినవాళ్లను చూసినదాన్ని. ఆమె కూడా నమ్మింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని అందరికీ దండం పెట్టింది.

సారు ట్రాక్టర్ దిగి వచ్చారు. పాదం చూశారు. ఒక్క క్షణం ఆగారు. తరువాత ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తి, మైకు దగ్గరికి తీసుకెళ్లారు.

"చూడండి. నిప్పుల మీద నిలబడ్డది. చలించలేదు. తెలంగాణ ఆడబిడ్డ అంటే ఇట్లుంటది."

అంతమంది చప్పట్లు ఆమె తన జీవితంలో వినలేదు. మరునాడు బిల్డింగ్‌లో సూపర్‌వైజర్ కూడా ఆమెకు కుర్చీ వేశాడట.

కొద్దిరోజులకు మడమ నల్లబడింది. దాని మీద పసుపు, బూడిద కట్టుకునేది. నేల తడిగా ఉంటుంది కనుక ప్లాస్టిక్ కవర్ చుట్టి, పైన గుడ్డ చుట్టి, చెప్పులో దూర్చేది. నొప్పి లేదు కదా, ఫికర్ లేదనేది. అమ్మవారు తొక్కించిన నిప్పు, అమ్మవారే మాన్పుతుందనేది. అన్నం గదిలో పక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "తల్లీ, నీ మైమ జర దూరం నుంచి చూపియ్యి" అంది.

నేను వెళ్లి సారుకు చెప్పాను. ఆయన వెంటనే వచ్చారు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, గుడ్డ విప్పించి, వాసనకు తల కొంచెం పక్కకు తిప్పుకుని, నన్ను ఒక పిన్నీసు అడిగారు. మంగళసూత్రానికి ఉన్నది తీసి ఇచ్చాను. దానితో అరికాలి మీద అక్కడక్కడా పొడిచారు.

"తెలుస్తున్నదా?"

ఆమె గోడ మీది క్యాలెండర్‌లో దేవుణ్ణి చూస్తూ, "ఏం తెల్వాలె సార్?" అంది.

సారు పిన్నీసు నాకు తిరిగి ఇచ్చారు. "నరాలు చచ్చిపోయినయమ్మా. ఇప్పుడు కాదు, చాన్నాళ్లయింది. ఆ రోజు రోడ్డు మీదే అనుకున్న."



"ఆ రోజే తెలిసుంటే, ఆ రోజే చెప్పకపోతిరా సార్? అమ్మవారు అనుకుని పసుపు పూసిరి అందరూ."

"అది సభ కదమ్మా" అన్నారు. కోపంగా కాదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

తరువాత ఆమె వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగారు. "చూడమ్మా, రెండే దారులు. స్టడీలకెళ్లి బయటికి పోతే పెద్ద దవాఖానకు రాసిస్త. మళ్ల లోపలికి రానీకె ఉండదు. లేదంటే చివరి రక్తం ఇచ్చేదాక ఇక్కడే ఉండొచ్చు. కట్టు మేమే కట్టిపిస్తం. మీ ఇష్టం."

"గోలీలు?"

"ఉంటే ఇస్తం."

"ఉంట సార్."

"చూసిన్రా అమ్మా" అన్నారు నాతో. "ఆమె ఇష్టమే."

ఆమె వెళ్లాక నేను గడప దగ్గరే నిలబడ్డాను. నేను అడగకుండానే ఆయన చెప్పారు. "అన్నం గది ఖాళీ అయితున్నది. కోస్తాలో ఒక్క మనిషి కూడా తప్పుకోలేదట. మనం సగంలో చేతులెత్తేస్తే ఢిల్లీల ఏమంటరు? వీళ్లకు చాత కాదంటరు. వాళ్ల ముందు మనం నవ్వులపాలు కావాల్నా?"

ఆ 'మనం'లో కడపదాన్ని నేను ఉన్నానో లేదో తెలియలేదు. పాలమూరు ఆమె మాత్రం ఉంది.

మిగిలిన ఆశ కోస్తాకు వెళ్లిన ఆ రక్తమే. ఆ జవాబులో ఆమె షుగర్ హద్దు దాటిందని తేలితే, ఉంటానన్నా వాళ్లు ఉంచుకోరు, పెద్ద దవాఖానకు పంపక తప్పదు. నియమం అది. ఆ జవాబు రావాలని నేను రోజూ పొయ్యి వెలిగించే ముందు దండం పెట్టుకున్నాను. రైళ్లు మళ్లీ నడిచాయి. జవాబు రాలేదు. ఎందుకు రాలేదో ఒక మధ్యాహ్నం తెలిసింది. సారు వంటగదిలో మజ్జిగ తాగుతూ, ఫోను స్పీకర్‌లో పెట్టి, కోస్తా మేడమ్‌తో మాట్లాడారు.

"మా ఆడవాళ్ల రక్తం మేడమ్ అది. రిజల్ట్స్ మీ దగ్గర పెట్టుకుని కూసుంటే ఎట్ల?"

"మా యంత్రం మీద చూసినవి కదండీ. రీసెర్చ్ పేపర్లో ఎవరి పేరు ముందో తేల్చండి. వెంటనే పంపించేస్తాం."

"మనుషులు మావోళ్లయితే మా పేరే ముందుంటది."

"మనుషులు ఎక్కడైనా దొరుకుతారండీ. యంత్రాలే దొరకవు."

"రాష్ట్రం రానీయండి. ఈ ప్రాజెక్టే మాదైతది."

"వచ్చాక మాట్లాడదాం లెండి. ఈలోగా మజ్జిగ తాగండి, గొంతు ఎండిపోయినట్టుంది."

సారు ఫోను పెట్టేసి, మజ్జిగ పూర్తిగా తాగి, బాగుందమ్మా అన్నారు. నేను అప్పుడే అడిగాను. "పాలమూరు ఆమెది ఒక్కటన్నా చెప్పమంటే చెప్పరా సార్?"

"ఒక్కదాని కోసం అడిగితే మనం తగ్గినట్టు అయితదమ్మా. వస్తే అన్నీ ఒకేసారి వస్తయి."

కట్టు కట్టడానికి నర్సు కొన్నాళ్లు వచ్చింది. తరువాత ఆమె కూడా సమ్మెలో ఉందో, ఇంకెక్కడ ఉందో, రాలేదు. కట్టు నేనే మార్చేదాన్ని, వేడినీళ్లతో తుడిచి, నాకు వచ్చిన స్తోత్రం లోలోపల చదువుకుంటూ. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు నా కాలు పట్టుకుంటుంటే నాకు పాపం తగుల్తదక్కా" అనేది. "దవాఖానకు పోదాం చెల్లీ, నేను తోడు వస్తా" అని బతిమాలాను. "చివరి రక్తం అయినంక పోదాం" అంది. అన్నం మాత్రం పూర్తిగా తినేది. పళ్లెంలో ఒక్క మెతుకు వదిలేది కాదు.

ఒకరోజు రాలేదు. మరునాడూ రాలేదు. బిల్డింగ్‌లో అడిగితే, పని చేస్తూ పడిపోయిందని, దవాఖానకు తీసుకుపోయారని చెప్పారు. ఆమె అంతస్తులో అప్పటికే ఇంకొకామె నేల తుడుస్తోంది.

నేను వెళ్లేసరికి మోకాలి కింద నుంచి తీసేశారు. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. నన్ను చూడగానే నవ్వింది.

"అక్కా, ఒక చెప్పు నీకు ఇచ్చేస్త. నీ సైజే."

తెచ్చిన విభూతి ఆమె నుదుట పెట్టాను.

"డాక్టర్ తిట్టిండు. గిన్ని దినాలు ఏం చేస్తున్నవే అన్నడు. నిప్పు తొక్కి అందరితోని మొక్కిచ్చుకున్న సార్ అని చెప్పిన. పిచ్చిదనుకున్నట్టుండు." గొంతు తగ్గించింది. "మా అమ్మ లెక్కనే అయింది గదక్కా."

ఆ సాయంత్రమే సారు పంపిన మనిషి వచ్చాడు. పండ్ల సంచి తెచ్చాడు. దానితోపాటు ఐసు పెట్టె కూడా తెచ్చాడు. చివరి రక్తం. ఆమె తనంతట తానే చెయ్యి చాపి, నా వైపు గెలిచినట్టు చూసింది. "నేను మధ్యల ఇడిసిపెట్టలేదు అక్కా. సార్‌కు చెప్పు."

చెప్పాను. ఆయన సంతోషించారు. ఆ పండ్లకు నేను ఆమె తరఫున కృతజ్ఞతలు కూడా చెప్పాను.

రాష్ట్రం వచ్చింది. వీధుల్లో రంగులు చల్లుకున్నారు, నా మీదా చల్లారు. రెండు విశ్వవిద్యాలయాలూ కలిసి ఒకే నివేదిక ఇవ్వకపోతే ఇక ముందు ఏమీ రాదని ఢిల్లీ నుంచి గట్టిగా చెప్పారట. సారు, మేడమ్ మళ్లీ మాట్లాడుకున్నారు. ఒకరి పేరు ఒక పేపర్లో ముందు, ఇంకొకరి పేరు ఇంకో పేపర్లో ముందు అని సర్దుకున్నారు. వేసవిలో ఇక్కడే, సారు విశ్వవిద్యాలయంలో, ముగింపు సభ పెట్టారు. వంట నాకే అప్పగించారు. అన్నీ జొన్న, కొర్ర, సజ్జలతోనే చేయాలన్నారు. జొన్నరొట్టెలు, కొర్ర పులిహోర, సజ్జ బూరెలు. కారు డ్రైవర్లకు మాత్రం ఇది ఆనదని వేరే గుండిగలో తెల్లన్నం, పప్పు వండించారు.

ఇద్దరూ ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. సారు మాట్లాడుతూ, జొన్న గదిలో షుగర్ తగ్గిందని, అన్నం గదిలో తగ్గలేదని, సమ్మెలో ఊళ్లకు పోయినవాళ్లు కాక అన్నం గదిలో ఇంకొకరు మధ్యలో మానేశారని చెప్పారు. ఆ ఒకరు పాలమూరు ఆమే. దవాఖానలో తీసిన ఆమె రక్తం ఆపరేషన్ మందులు కలిసినది కాబట్టి లెక్కలోకి రాదని మేడమ్ కొట్టేశారట. పాలమూరు ఆమె ఇచ్చిన మొదటి రక్తం కూడా, చివరిది లేదు కాబట్టి, అక్కరకు రాలేదు.

భోజనాలయ్యాక మేడమ్ చేతులు కడుక్కోవడానికి వచ్చి, నన్ను గుర్తుపట్టి ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశారు. నేను పాలమూరు ఆమె సంగతి చెప్పాను. ఆమె ముఖం నిజంగానే చిన్నబోయింది.

"ఆవిడేనా అండీ? అయ్యో. ఆ అంకె చూసి మేమంతా బెదిరిపోయామండీ. ఇంత షుగర్‌తో మనిషి ఎలా తిరుగుతోందా అనుకున్నాం. యంత్రం తప్పు చెప్పిందేమోనని రెండోసారి కూడా వేసి చూశాం."

"ఎప్పుడు మేడమ్?"

"సమ్మె మొదలైన రోజుల్లోనండీ. మాకు పేర్లుండవు, నంబరే. ఆ నంబరు ఎవరో చూడమని మీ సారుకి చెబుదామనే అనుకున్నాం. అప్పుడు ఆయన, నేను మాట్లాడుకోవడం లేదు కదండీ." తుండు గుడ్డతో చేతులు తుడుచుకుని నవ్వారు. "ఇద్దరం ఇద్దరమే, మొండివాళ్లం."

తరువాత సంచిలోంచి ఒక నేత చీర తీసి నాకు పెట్టారు. వాళ్ల ఊరి వైపు నేసినది. పెద్దవాళ్లు ఇచ్చింది రెండు చేతులతో తీసుకోవాలని నాకు నేర్పారు. తీసుకున్నాను. అది ఇప్పటికీ పెట్టెలో ఉంది. కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

పెరటి గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను నన్ను పిలిచాడు. "అక్కా, నీ కోసం ఒకామె వచ్చింది. మా దిక్కు మనిషి, ఎల్లగొట్ట బుద్ధి కాలే." చూస్తే పాలమూరు ఆమె. చంకలో కర్ర. ఆటోలో వచ్చిందట. చాలా చిక్కిపోయింది. ముందుగా నా బాగోగులు అడిగింది. తరువాత అసలు సంగతి చెప్పింది.

"పెద్దసార్లంత వచ్చిన్రంట గదా. జర గోలీలు ఇయ్యమని అడుగక్కా. ఈ కాలన్న నిలవాలె గద."

సారు కారు ఎక్కబోతుంటే వెళ్లి అడిగాను. ఆయన శాలువా మడిచి చేతిలో పెట్టుకుని ఉన్నారు.

"స్టడీ అయిపోయింది కదమ్మా, ఇంకెక్కడి గోలీలు? దవాఖానకు పొమ్మనండి." కారు తలుపు వేసుకోబోతూ మళ్లీ తల బయట పెట్టారు. "పాపం, అంత దూరం వచ్చింది. కడుపునిండా పెట్టి పంపండి."

వచ్చి చెప్పాను. ఆమె సరేనన్నట్టు తల ఊపింది. విస్తరి వేసి జొన్నరొట్టె, కొర్ర పులిహోర పెట్టబోయాను. చూసి మొహం ముడిచింది.

"గిదేందక్కా, మళ్ల గివ్వేనా? బువ్వ లేదా?"

డ్రైవర్ల గుండిగలో అడుగున కొంచెం ఉంది. ఆమెకు పెట్టకూడదని నాకు తెలుసు. రెండు విశ్వవిద్యాలయాలు కలిసి తేల్చిన సంగతి అది, ఆ రోజే మైకులో విన్నాను. ఆమె విస్తరి చాపుకుని ఉంది. పెట్టాను.

పెరటి మెట్ల మీద కూర్చుంది. పొద్దుట నుంచి ఎండ పడుతున్న నల్ల గ్రానైటు మెట్లు. వంట రోజున నేను చెప్పులు వేసుకోను. పప్పు పట్టుకుని ఆ మెట్టు మీద నిలబడలేక ఒక పాదం తీసి ఇంకో పాదం మోపుతూ గంతులేస్తున్నాను. ఆమె తన ఒక్క పాదాన్ని ఆ రాయి మీద పూర్తిగా ఆన్చి, ఒళ్లో విస్తరి పెట్టుకుని, ముద్ద కలుపుతోంది.

"చెల్లీ, పాదం పైకి తియ్యి. రాయి ఎంత వేడిగా ఉందో."

"ఏడ వేడి అక్కా?" అని, పప్పు ఇంకొంచెం వెయ్యమని విస్తరి నా వైపు జరిపింది.